సగపాలు

యంత్రం అసలు పేరు ‘భయసంవేదనా విభాజకం’. ఆ పేరు పూర్తిగా పలికేలోపు ఏడ్చే పిల్ల ఏడుపు మానేసి ఆటకి వెళ్లిపోతుంది కాబట్టి కొత్తరేవు పునరావాస కాలనీలో దాన్నెవరూ ఆ పేరుతో పిలవలేదు. ‘సగపాలు మిషను’ అన్నారు. మా వీధి పాలవాడి దగ్గర సగం పాలు, సగం నీళ్లు తాగి బతికిన ప్రాణం నాది. పేరు వినగానే నవ్వొచ్చింది. కానీ మా విద్యాధికులు పెట్టిన పేరు కన్నా కాలనీ పెట్టిన పేరే సరిగ్గా అతికింది. పిల్ల భయంలో సగపాలు పెద్దవాళ్లు తీసుకుంటారు. అంతకుమించి ఆ యంత్రంలో ఏమీ లేదు.

చూడడానికి రెండు మణికట్టు పట్టీలు. ఒకటి పిల్లకి, ఒకటి పెద్దకి. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఊపిరికి ఊపిరి కలిసేదాకా పట్టీలని శ్రుతి చేయడం నా ఉద్యోగం. నా పేరు సోమలింగం. జీవితంలో ఒక్క కీర్తన కూడా శ్రుతిలో పాడలేనివాణ్ని శ్రుతి చేసే ఇంజినీరుగా వేశారు. దాన్నే సర్కారీ సంగీతం అంటారు.

మొదటి పట్టీలు కట్టింది సబితకి, ఆమె కొడుకు కునాకి. ఒడిశా నుంచి ఉప్పుమడుల్లో పనికొచ్చిన కుటుంబం. తుపాను నాడు షెల్టర్ కింది అంతస్తులోకి సముద్రం వచ్చేసింది. అప్పటి నుంచి కునాకి నీళ్ల చప్పుడు వినబడితే చాలు, ఒళ్లు కర్రలా బిగుసుకుపోయేది. నేను పెరట్లో పంపు తిప్పాను. పంపు చప్పుడు పంపింది, పట్టీ దాన్ని పంచింది. సబిత గుండె మీద చెయ్యి వేసుకుని గోడకి ఆనుకుంది. నుదుటి మీద చెమట. కునా మాత్రం ఓసారి ఉలిక్కిపడి, చుట్టూ చూసి, పంపు కింద దోసిలి పట్టి నీళ్లు తాగాడు.

“ఎలా ఉందమ్మా?” అని అడిగింది నస్రీన్. ఆవిడ పిల్లల మానసిక వైద్యురాలు, మా కేంద్రానికి పెద్ద.

“వీడు ఇదంతా ఒక్కడే మోశాడా?” అంది సబిత, వచ్చీరాని తెలుగులో. పట్టీ మాత్రం విప్పలేదు.

రోజులు గడిచేకొద్దీ పిల్లవాడి భయం తగ్గుతుంది, దాంతోపాటు పెద్దవాళ్లకి వెళ్లే పాలూ తగ్గుతుంది. ఒకనాటికి పట్టీలో ఏమీ పారదు. అప్పుడు విప్పేస్తాం. అదీ లెక్క.

లెక్క తప్పింది జాలరి వీధిలో. మొదట్లో పట్టీలు, మనుషులు ఎంత దూరాన ఉన్నా, రెండు వైపులా పనిచేసేవి. తల్లులు రేవులో వేలం పాటలో గొంతు చించుకుంటుంటే బడిలో పిల్లలు బెంచీల మీద ఎగిరెగిరి పడ్డారు. వేలం వాళ్లది, వెర్రి వీళ్లది. దానికి నవ్వాం. తర్వాత జరిగినదానికి నవ్వలేదు. పోలిరాజు అనే ఆయన బోటు మీద వల లాగుతున్నాడు. ఊళ్లో వానకి చూరు నీళ్లు పడి కొడుకు హడలిపోయాడు. ఆ హడలు సగం సముద్రం మీదికి వెళ్లింది. పోలిరాజు వల తెంపేసి, బోటు తిప్పేసి, ఒడ్డుకొచ్చి పడ్డాడు. మర్నాడు పట్టీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“బాబూ, నీటి మీదికెల్లేటోడికి బయం కట్టి పంపుతారేటి?”

పట్టీలని ఒక వైపే పారేలా మార్చాం. వేటకెళ్లేవాళ్లకి కట్టడం మానేశాం. మా ప్రధాన కార్యాలయం మాత్రం దీన్ని ‘సాంస్కృతిక లోపం’గా గుర్తించింది. నీళ్ల మీద ఉన్నవాడికి భయం పంపకూడదన్నది సంస్కృతి కాదు, బుర్ర. అయినా పైనుంచి ఒక పట్టిక దిగింది. జాలర్లకి ఏ రంగు అచ్చిరాదు, సవరలకి ఎవరితో ముందు మాట్లాడాలి, ఉర్దూ మాట్లాడే ఇళ్లల్లో ఎవరు కూర్చోవాలి, అన్నీ గళ్లు గళ్లుగా రాసి ఉన్నాయి. పట్టిక పొడవే గానీ పట్టు లేదు. ఈలోగా సవర పిల్లకి చిన్నాన్న, ఉర్దూ మాట్లాడే దర్జీ గారి మనవలకి నానమ్మ వచ్చి కూర్చున్నారు. ఎవరు కూర్చోవాలో వాళ్లింట్లో వాళ్లే తేల్చుకున్నారు. మా పట్టిక చూసినవాడు లేడు.

ఒక్క నూకరత్నం దగ్గరే మా పని ఆగిపోయింది.

తొమ్మిదేళ్ల పిల్ల. తుపాను నాడు నాలుగేళ్ల తమ్ముడు ఎర్రాజుని చెయ్యి పట్టుకుని షెల్టర్ మెట్లెక్కుతుంటే నీళ్లు వచ్చి పడ్డాయి. తమ్ముడు దక్కలేదు. తల్లి మసేనమ్మ అప్పుడు పై అంతస్తులో ముసలివాళ్లని కూర్చోబెడుతోంది. తండ్రి గుజరాత్ బోట్లలో పనికి పోయినవాడు. వచ్చి, కర్మకాండ ముగించి, మళ్లీ పోయాడు. ఆ రోజు నుంచి నూకరత్నం నోరు విప్పలేదు. ఎడమ చెయ్యి గౌను జేబులోంచి తీయలేదు. ఎముక బాగుంది, నరం బాగుంది. “ఇలాగే ఇంకొన్నాళ్లు పోతే చెయ్యి చచ్చుబడిపోతుంది, మాట కూడా” అంది నస్రీన్.

తల్లి మణికట్టుకి పట్టీ కట్టబోతే చాలు, ఆ పిల్ల లేచి వెళ్లి గది మూలలో గోడకి మొహం పెట్టుకుని నిలబడేది.

మేం పట్టిక తీశాం. నలుపు అచ్చిరాదేమోనని పట్టీకి పసుపు గుడ్డ చుట్టాం.

“నలుపైతే ఏటి బాబూ? నా జుట్టు నలుపు కాదేటి? దాన్నేటి పసుపులో ముంచుకు తిరగమంటారా?” అంది మసేనమ్మ.

తోలు పట్టీ కావడం వల్లనేమోనని నూలు పట్టీ తెప్పించాం. శుక్రవారం కూడదేమోనని సోమవారం పిలిచాం. ఇంటి పెద్దావిడ ముందుండాలని పట్టికలో ఉంటే వీధి చివరి ముసలమ్మని తీసుకొచ్చాం. ఆవిడ వక్క నములుతూ అంతా విని, “గుంటకి అమ్మ కాడ సిగ్గేటో ఉన్నాది. నన్నెందుకు లాక్కొచ్చినారు?” అని వెళ్లిపోయింది. ఆ మాట మేం సరిగ్గా వినిపించుకోలేదు. పట్టికలో సిగ్గుకి గడి లేదు మరి.

చివరికి నస్రీన్ పట్టిక మూసి, పిల్ల ముందు నేల మీద కూర్చుంది. “అమ్మతో వద్దా? సరే. ఎవరితో కావాలో నువ్వే చూపించు తల్లీ” అంది.

నూకరత్నం గదంతా చూసింది. కుడి చేత్తో నన్ను చూపించింది.

సిబ్బంది పట్టీ కట్టుకోకూడదన్నది నియమం. “పిల్ల అడిగిన మొదటి విషయం ఇది, సోమలింగంగారూ. కాదంటే రెండోది అడగదు” అంది నస్రీన్. నేను కూర్చున్నాను. పిల్లని నవ్విద్దామని, “చూడమ్మా, నీ పేరులో రత్నం, నా పేరులో లింగం, ఇక మనిద్దరికీ గుడి ఒక్కటే తక్కువ” అన్నాను. నవ్వలేదు. శ్రుతి కుదరడానికి చాలాసేపు పట్టింది. నస్రీన్ వెళ్లి పంపు తిప్పింది.

భయం వస్తుందని సిద్ధంగా ఉన్నాను. వచ్చింది. దాంతోపాటు నేననుకోనిది ఇంకొకటి వచ్చింది. నా ఎడమ అరచేతిలో ఇంకో చెయ్యి ఉంది. చిన్నది, తడిది, వెచ్చటిది. నా వేళ్లు దాని చుట్టూ బిగుసుకున్నాయి. భుజం పీకింది. తర్వాత, నేను వద్దనుకుంటుండగానే, నా వేళ్లు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. చెయ్యి ఖాళీ అయింది.

పంపు కట్టేశాక కళ్లు తెరిచాను. నూకరత్నం నా మొహం కాదు, నా ఎడమ చెయ్యి చూస్తోంది.

“సెప్పకు,” అంది. ఎండిపోయిన గొంతు. “అమ్మకి సెప్పకు. నానే వొగ్గేసినాను.”

“చెప్పను” అన్నాను.

నస్రీన్‌కి మాత్రం చెప్పాలి, వైద్యం ఆమెది. చెప్పాను.

“సముద్రం లాగితే పెద్దవాళ్లే ఆగలేరు. తొమ్మిదేళ్ల పిల్ల వేళ్లెంత?” అన్నాను.

“అది నాకూ తెలుసు, మీకూ తెలుసు. మనం చెబితే ఆ పిల్ల నమ్మదు. నమ్మాల్సింది తల్లి మొహం చూసి.”

“అయితే తల్లికి చెబుదాం.”

“చెప్పొద్దంది కదా. ఆ పిల్ల దగ్గర ఇప్పుడున్న సొత్తల్లా ఆ ఒక్క మాటే. దాన్నీ మనం లాక్కుంటామా?”

కాబట్టి పట్టీ నా చేతికే ఉండిపోయింది. పట్టీలు ఫోను టవర్ల మీద పనిచేస్తాయి, దూరంతో పని లేదు. కొత్తరేవులో ఎవరో గిన్నె కడిగితే శ్రీకాకుళంలో మా ఇంట్లో నా చేతిలో గ్లాసు కింద పడేది. కాఫీ కప్పు, వార్తాపత్రిక, చివరికి ముద్దపప్పు గిన్నె. మా ఆవిడ వకుళ గాజు సామాను మొత్తం అటకెక్కించి స్టీలు దించింది.

“మీ చేతిలో ఏదీ నిలవట్లేదు. పెళ్లిలో పట్టుకున్న ఈ చెయ్యైనా వదలకుండా ఉంటారా?” అంది నవ్వుతూ.

నిజానికి అది నేను వేయాల్సిన స్థాయి జోకు. కానీ లేచి, చెయ్యి కడుక్కోకుండానే వెళ్లి పడుకున్నాను.

అక్కడ నూకరత్నం కాస్త తేరుకుంది. అన్నం తింటోంది. నాతో రెండు మూడు మాటలు. జేబులోంచి ఎడమ చెయ్యి అప్పుడప్పుడు బయటికొచ్చి, ఎండ చూసి, మళ్లీ లోపలికి పోయేది. తల్లి గదిలోకి వస్తే మాత్రం మాట, చెయ్యి రెండూ మాయం.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ పెరట్లో నిలబడి టీ తాగుతున్నాను. చేతులు కడుక్కోవడానికి ఎవరో పిల్లవాడు పంపు తిప్పాడు. నా ఎడమ చేతిలోని గ్లాసు కిందపడింది. గడప దగ్గర ఉన్న నూకరత్నం బిగుసుకుపోయింది. చేపల అమ్మకానికి పోయి, ఖాళీ టబ్బు చంకన పెట్టుకుని వచ్చిన మసేనమ్మ మా ఇద్దరినీ చూసింది. టబ్బు దించింది. వెళ్లి పంపు కట్టింది. నా వైపు చూస్తూ మళ్లీ తిప్పింది.

నా వేళ్లు ముడుచుకున్నాయి. ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి.

ఆమె పంపు కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చింది. రేవులో బేరమాడే గొంతు కాదు.

“ఎడం సెయ్యేనా బాబూ?”

నేను మాట్లాడలేదు. మాటిచ్చాను మరి.

“మీరు సెప్పొద్దులెండి. గుంటడు ఎప్పుడూ అప్పకి ఎడం పక్కనే నడిసేవోడు. కుడి పక్కకి రమ్మంటే ఏడిసేవోడు.” నా అరచెయ్యి వైపు చూసింది, అందులో ఏదో కనిపిస్తున్నట్టు. “ఆడి సెయ్యి మీ కాడున్నాది. ఇన్నాళ్లూ మీ ఇంటికి తీసుకుపోతన్నారు. నా కొడుకు సెయ్యి నాకిచ్చీండి.”

గడప దగ్గర చిన్న శబ్దమైంది. నూకరత్నం నేల మీద కూలబడింది. “అమ్మా, నాను...”

“తెలుసు. రాయే, ఇలగ కూకో.”

కోపం లేదనీ అనలేదు, తప్పు కాదనీ అనలేదు. పిల్ల ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని మణికట్టు నా ముందు చాపింది. నస్రీన్ నూకరత్నం వైపు చూసింది. పిల్ల వద్దని తల ఊపలేదు. నేను పట్టీ విప్పి తల్లికి కట్టాను. శ్రుతి చేద్దామని కూర్చునేలోపే వాళ్లిద్దరి ఊపిరీ కలిసిపోయింది. నేను చేసిందేమీ లేదు.

పంపు తిప్పాను. మసేనమ్మ కళ్లు మూసుకుంది.

“ఓలమ్మా, ఇంత సిన్న సెయ్యేటి,” అంది. కాసేపటికి, “బొటనేలు కాడ ఇంకా గరుగ్గానే ఉన్నాది. సేప ముల్లు గుచ్చుకున్నాది ఆడికి. పసుపెట్టినాను. మానలేదు.”

ఇన్నాళ్లు నా అరచేతిలో ఉన్నా ఆ గరుకు నాకు తెలియలేదు. తర్వాత ఆమె వేళ్లు విచ్చుకున్నాయి. ఆ విచ్చుకోవడం నూకరత్నం రెప్ప వేయకుండా చూసింది. తల్లి మొహం కూడా చూసింది. ఏం కనిపించిందో గాని, పాకుతూ వచ్చి తల్లి మోకాలి మీద తల పెట్టుకుంది.

కథ ఇక్కడ ఆపితే మా ప్రధాన కార్యాలయం వారి నివేదికలా ఉంటుంది. వాళ్లు అక్కడే ఆపారు కూడా. కానీ మసేనమ్మ కళ్లు తెరిచి, “మళ్లీ తిప్పండి” అంది.

మర్నాడు రేవుకి పోయే ముందు వచ్చింది. “ఒక్కసారి తిప్పండి బాబూ.” ఆ మర్నాడూ వచ్చింది. సాయంత్రం అమ్మకం నుంచి తిరిగొస్తూ కూడా. కొన్నాళ్లకి మమ్మల్ని అడగడం మానేసి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని పంపు తానే తిప్పుకునేది. కళ్లు మూసుకుని కూర్చునేది. నూకరత్నం ఒక్కనాడూ రానని అనలేదు. మాటలు మళ్లీ తగ్గాయి. ఎడమ చెయ్యి మళ్లీ జేబులోకి పోయింది. మిగతా పిల్లలందరికీ మా కంప్యూటరు తెరమీద రోజురోజుకీ దిగిపోయే భయం గీత ఈ పిల్లకి అలాగే నిలబడిపోయింది.

“మీరు ఆ పిల్లవాడి చెయ్యి పట్టీలో దాచిపెట్టగలరా? రికార్డు లాగా?” అని నస్రీన్ నన్నడిగింది.

ప్రయత్నించాను. దాచి మళ్లీ వినిపిస్తే గుండెదడ వచ్చింది, చెమట వచ్చింది, చెయ్యి రాలేదు. అది ఆ పిల్ల ఒంట్లో తప్ప ఇంకెక్కడా లేదు.

నస్రీన్ తల్లిని పిలిచి పెరటి అరుగు మీద కూర్చోబెట్టింది. నూకరత్నం కాస్త దూరంలో గోడకానుకుని ఉంది.

“మసేనమ్మా, ఉన్నదున్నట్టు చెబుతాను. నువ్వు పంపు తిప్పిన ప్రతిసారీ నీ కూతురు ఆ మెట్ల మీదికి వెళ్లొస్తోంది. సగం నీకొచ్చినా మిగతా సగం దానిదే. దాని భయం పోతే నీకు ఆ చెయ్యి రాదు. రెండూ ఒక్క చోటు నుంచే వస్తున్నాయి.”

మసేనమ్మ పట్టీని వేలితో తిప్పుతూ కూర్చుంది. “రెండూ కుదరవా డాక్టరమ్మా?”

“కుదరవు.”

“ఇంజినీరు బాబూ?”

“కుదరవమ్మా,” అన్నాను.

ఆమె పంపు వైపు చూసింది. అంతసేపు ఒక మనిషి ఒక పంపుని చూడడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె ఏమంటుందో నాకు తెలియదు. ఆమె మళ్లీ తిప్పమంటే తప్పనడానికి నాకు నోరు రాదని మాత్రం తెలుసు. ఆ చెయ్యి కొన్నాళ్లు నేనూ మోశాను.

మాట గోడ దగ్గర్నుంచి వచ్చింది.

“నాను ఉంచుకుంటానమ్మా. నాకు బయమైనా పర్నేదు. పోకుండా నానుంచుతాను. ఆడు నీకాడ ఉంటాడు.”

తుపాను తర్వాత ఆ పిల్ల మాట్లాడిన మాటల్లో అదే పెద్దది.

మసేనమ్మ గిరుక్కున తిరిగింది. అంతవరకు మేం చూడని కోపం. రేవులో చేపని తక్కువ చేసి అడిగినవాడి మీద కూడా అంత కోపం వచ్చి ఉండదు.

“ఒలే! ఏటే నీ బేరం? కూతుర్నమ్మి కొడుకు సెయ్యి కొనుక్కోవాలేటి నాను? ఎవులు నేర్పినారే నీకీ బేరం?” గొంతు పగిలింది. “నానే నేర్పినాను. రోజూ ఈ పంపు కాడ కూకోబెట్టి నానే నేర్పినాను.”

తన పట్టీ చర్రున లాగేసింది. కూతురి దగ్గరికి వెళ్లి ఆ పిల్లదీ లాగేసింది. రెండూ తెచ్చి నా చేతిలో పెట్టింది.

“అట్టుకుపోండి బాబూ. ఇది నాకొద్దు.”

“ఒక్కసారిగా తీయకూడదు, మెల్లగా...” అంటూ నస్రీన్ లేవబోయి, ఏమనుకుందో మళ్లీ కూర్చుంది.

మసేనమ్మ చేపల టబ్బుని పంపు కిందికి జరిపి, పంపు పూర్తిగా తిప్పింది. నీళ్లు దబదబా పడ్డాయి. నూకరత్నం గోడకి అతుక్కుపోయింది. ఈసారి సగం తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. మసేనమ్మ పెదాలు బిగించి ఆ పిల్లనే చూస్తోంది. చూపు తిప్పలేదు, దగ్గరికీ పోలేదు. టబ్బు నిండేదాకా అలాగే నిలబడింది.

“ఇంటికి నీళ్లట్టుకెల్లాల. నా ఒక్కదానివల్ల అవదు. ఆ పక్క పిడి అందుకో.”

నూకరత్నం గోడని వదిలి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. కుడి చేత్తో పిడి అందుకోబోయింది.

“అలగైతే నడవనేవు. ఎడం సెయ్యి తియ్యి.”

జేబులోంచి చెయ్యి బయటికి వచ్చింది. తెల్లగా, సన్నగా, ముడతలు పడి ఉంది. పిడి పట్టుకుంది. ఇద్దరూ టబ్బు ఎత్తారు. గేటు వైపు కొంచెం దూరం నడిచారో లేదో, నూకరత్నం వైపు టబ్బు ఒరిగి ధబ్బుమని పడింది. నీళ్లు పెరడంతా పారి నా బూట్లు తడిపాయి. పిల్ల తన ఖాళీ చేతిని చూసుకుంది.

“అమ్మా, జారిపోనాది.”

“జారుద్ది. తడి సెయ్యి జారుద్ది. అట్టుకో.”

పంపు కట్టాలని మాలో ఎవరికీ తోచలేదు. మసేనమ్మ తన వైపు పిడి పట్టుకుని, వంగి అలాగే నిలబడింది, కూతురు తన వైపు పట్టుకునేదాకా.